పోచారం కట్ట మీద ఆరున్నరకు

మెదక్,
జనవరి 5, సోమవారం.

ప్రియమైన బాలమణక్కకు,

ప్రభువు నామంలో వందనాలు.

మనం చదువుకున్న హాస్టల్ విడిచిన తర్వాత నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఇప్పుడు కలం పట్టడానికి కారణం నీ చెవులు, నా గొంతు. రైస్ మిల్లు పక్కన ఇన్నేళ్లు కాపురం చేసి నువ్వు చెవులు పాడుచేసుకున్నావు. చెవి మిషన్ కొనిస్తే బీరువాలో నగలతో పాటు దాచావు. నా గొంతు సంగతి నీకు తెలియనిది కాదు. ఎదురుగా కూర్చున్నవాళ్లే "ఆఁ?" అంటారు. నిన్న ఫోన్ చేసి ఒకటే మాట మళ్లీ మళ్లీ చెప్పాను. ప్రతిసారీ నువ్వు "నేను మంచిగనే ఉన్న, నువ్వెట్లున్నవ్?" అన్నావు. మెసేజ్ పెడదామంటే నీ ఫోన్ మీ కోడలు నిస్సి చదువుతుంది, చదివి ఇంటిల్లిపాదికీ వినిపిస్తుంది. నీకు ఏం పంపాలన్నా మీ తమ్ముడి బస్సులో పంపుతాను గదా. ఇది ఆయన చేతికి అసలే ఇవ్వలేను. అందుకే పోస్టు.

అక్కా, నిన్న చర్చిలో నాకు పెండ్లి కుదిరింది. మీ తమ్ముడితో.

కంగారు పడకు. కుదరలేదు. చదివేశారు, అంతే. మొదటినుంచి చెప్తాను.

క్రిస్మస్ అయిన తర్వాత ఒకరోజు మీ తమ్ముడు విక్టర్ గారు కండక్టర్ డ్యూటీ దిగి మా గేటు దగ్గర నిలబడ్డారు. పోచారం చెరువుకు చలికాలం పిట్టలు వచ్చాయట, చర్చివాళ్లం కొందరం శనివారం పొద్దున కట్టమీద నడుద్దామనుకుంటున్నాం, వస్తారా అని అడిగారు. "మా విక్టర్‌కు పిట్టలంటే పాణం" అని నువ్వు ఎన్నిసార్లు చెప్పావు! భార్య పోయి, పిల్లలు లేక, ఒంటరిగా ఉన్న మనిషి. ఆయనకున్న ఒక్క సరదాకు వద్దని ఎట్లా అంటాను? సరే అన్నాను.

చర్చిలో ప్రకటించమని ఆయన ఒక చీటీ రాసి సంఘపెద్ద ఎబినేజర్ తాతకు ఇచ్చారు. అప్పటికి పేర్లిచ్చింది మేమిద్దరమే. చీటీలో ఉన్నది ఇంతే: విక్టర్, సుశీల, జనవరి పది శనివారం, ఉదయం ఆరున్నర, పోచారం కట్ట. మిగతాది నోటితో చెప్పారు. తాత తల ఊపి, చీటీ బైబిల్లో పెట్టుకుని, నోటితో చెప్పింది మరిచిపోయాడు.

నిన్న పాస్టరయ్య అల్లాదుర్గ్ ఆరాధనకు పోయారు. ప్రకటనలు తాత చదివాడు. ఆయనకు ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదానికి కావాలి. మొదట చదవాల్సింది పెండ్లి ప్రకటన. మన పద్ధతి నీకు తెలిసిందే: పెండ్లికి ముందు మూడు ఆదివారాలు జంట పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లను చెప్పమంటారు. హవేలిఘనపూర్ నుంచి ఒక జంట కాగితం వచ్చి ఉంది. తాత చేతికి అది రాలేదు, మా చీటీ వచ్చింది. ఇద్దరి పేర్లు, తారీకు, వేళ, స్థలం. ఇంకేం కావాలి?

"బ్రదర్ విక్టర్‌కును సిస్టర్ సుశీలకును వివాహము జరుగనైయున్నది," అని గొంతెత్తి చదివాడు. "పోచారం కట్ట మీద. పొద్దున ఆరున్నరకు."

అక్కడ ఒక్క క్షణం ఆగాడు. కళ్లద్దాలు సవరించుకున్నాడు. ప్రభువు నన్ను కాపాడాడనుకున్నాను.

"చలి మస్తున్నది," అన్నాడు తాత. "స్వెటర్లు ఏసుకొని రాండ్రి."

ఆ తర్వాత, "ఇది మొదటి ప్రకటన. అభ్యంతరమున్నవారు తెలియజేయవలెను" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను అక్కా. దేవుని ఎదుట చెప్తున్నాను, "కాదండీ" అన్నాను. రెండుసార్లు అన్నాను. నేను పాటకు లేచాననుకుని పక్కనున్నామె లేచింది. ఆమెను చూసి వరుస లేచింది. వరుసను చూసి సంఘమంతా లేచింది. కీబోర్డు మొదలైంది. నా అభ్యంతరం మీద అందరూ కలిసి నాలుగు చరణాలు పాడారు.

బయటకు వస్తే ఒకరి తర్వాత ఒకరు చేతులు పట్టుకోవడమే. "ఇన్నాళ్లకు దేవుడు చూసిండు సిస్టర్" అన్నారు. నేను చెప్తూనే ఉన్నాను, వాళ్లు "ఆఁ, ఆఁ, సిగ్గెందుకు" అంటూనే ఉన్నారు. మగవాళ్ల వైపు చూస్తే విక్టర్ గారు గేటు దాటి పోతున్నారు, దాదాపు పరుగెత్తుతున్నట్టు. మా పక్కింటి శివమ్మ చర్చికి రాదు గదా, నేను ఇల్లు చేరేసరికి ఆమె గడపలో నిలబడి ఉంది.

"ఏమే సుశీలా, గీ బుద్ధి ముప్పై ఏండ్ల కిందనే పుడితే ఏం పోయేదే?"

అక్కా, నువ్వు ఆయనకు పెద్దదానివి. ఇది దిద్దించమని నువ్వే చెప్పు. రోడ్డుమీద బస్సు హారన్ వినిపిస్తే చాలు, కుట్టుమిషన్ దగ్గర తల వంచుకుంటున్నాను. నిన్నటినుంచి రెండు చేతులూ ఎడమవైపుకే కుట్టాను ఒక జాకెట్టుకు. ఆయన మంచి మనిషి. నా మూలంగా ఆయనకు తలవంపు రాకూడదు.

నీ
సుశీల


నర్సాపూర్,
జనవరి 7.

సుశీలకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి బాత్రూంలో. ఎందుకంటే రెండోసారి నా నవ్వు విని నిస్సి, "ఏమైంది అత్తమ్మా, దమ్ము లేచిందా?" అని పరుగెత్తుకొచ్చింది.

నువ్వు చెప్పిన పని నేను చేయను. విక్టర్ నాకు ఈ సంగతి చెప్పనే లేదు. నిన్న బస్సు ఆగినప్పుడు నీకు పంపే తవుడు సంచి ఎక్కించుకున్నాడు, "పోతున్న" అన్నాడు, పోయాడు. మొహం మాత్రం లెక్కల పరీక్ష రాసొచ్చిన మొహం. వాడు చెప్పనిది నేనెట్లా అడుగుతాను? అడిగితే నీ ఉత్తరం సంగతి బయటపడదా?

అయినా అభ్యంతరం ఎవరిది, నీదా వాడిదా? నీదైతే నువ్వే చెప్పాలి. నీ ఉత్తరంలో తాత కన్ను ఉంది, కీబోర్డు ఉంది, శివమ్మ గడప ఉంది. నీకు ఇష్టం లేదన్న మాట మాత్రం ఎక్కడా లేదు. వెతికాను. కాగితం తిప్పి వెనుక కూడా చూశాను.

ఒక్కటి నిజం చెప్పు. ఇన్నేళ్లూ వాణ్ని ఏమని పిలిచావు? నన్ను అక్క అంటావు గదా అని వాణ్ని "అన్నా" అన్నావా? అంటే చెప్పు, అది నిజంగా అభ్యంతరమే, నేనే లేచి నిలబడతాను.

శనివారం నడక మాత్రం మానకు. మానితే "పెండ్లికూతురు బయటికెళ్తలేదు" అంటారు. పోతే "ఏం లేదంట, పిట్టలు చూడనీకి పోయిండ్రంట" అంటారు. ఏది నయమో నువ్వే చెప్పు. వాడికి పిట్టలంటే ప్రాణమని తెలుసు గదా, వాడి ఉత్సాహం మీద నీళ్లు పోయకు.

ఈ ఉత్తరం విక్టర్ చేతికే ఇస్తున్నాను. అన్నం మెతుకులతో అతికించాను, చింపి చూసే రకం కాదు వాడు. దీనితోపాటు కోతిటోపీ పంపుతున్నాను. అది మీ బావది. వాసన వస్తే ఉతుక్కో.

బాలమణి


మెదక్,
జనవరి 10, శనివారం సాయంత్రం.

బాలమణక్కకు,

ముందు నీ ప్రశ్నకు జవాబు. అన్నా అనలేదు. బ్రదర్ అన్నాను. చర్చిలో ఎబినేజర్ తాతను కూడా బ్రదర్ అంటాం.

రెండోది, నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది.

నిన్న ధైర్యం చేసి పాస్టరయ్య దగ్గరికి పోయాను. ఆయన నవ్వు ఆపుకుని, "సంఘం ముందర చదివింది సంఘం ముందరనే దిద్దాలమ్మా. విక్టర్ నీకంటె ముందే వచ్చిపోయిండు. ఆదివారం తనే లేచి చెప్తనన్నడు" అన్నారు. నాకు ప్రాణం కుదుటపడింది. పడాలి గదా. రాత్రి ప్రార్థనలో స్తోత్రం చెప్పబోతే మాట మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

పొద్దున బావ టోపీ పెట్టుకుని ఎల్లం ఆటో ఎక్కాను. ఎల్లం అద్దంలో నన్ను చూసి, చూసి, "మేడం, పెండ్లికూతురు ఆటోల పోవుడేంది? కారు మాట్లాడకపోయిండ్రా?" అన్నాడు.

"పిట్టలు చూడడానికి పోతున్నా, ఎల్లం."

"గట్లనే అంటరు మేడం," అన్నాడు. కిరాయి కూడా తీసుకోనన్నాడు, పెండ్లి పుణ్యమట. బలవంతంగా సీటు మీద పెట్టి దిగాను.

చెరువు మీద మంచు పొగ కమ్ముకుని ఉంది. నీళ్లెక్కడో ఆకాశమెక్కడో తెలియడం లేదు. ఇంకెవరూ రాలేదు. పెండ్లి అనుకున్నవాళ్లు పిట్టల నడకకు ఎందుకు పేరిస్తారు? విక్టర్ గారు ఖాకీ స్వెటర్ వేసుకుని, మెడలో ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన దుర్భిణితో, చంకలో ఒక కాగితపు చుట్టతో నిలబడి ఉన్నారు. అది పక్షుల చార్టు అక్కా, చిన్నపిల్లల బడి గోడకు అంటిస్తారే, అది. అందులో నెమలి ఉంది, పెంగ్విన్ ఉంది. పెంగ్విన్ పోచారంలో దొరకదని మాత్రం మా ఇద్దరికీ తెలుసు.

ఎడ్లబండి పట్టేంత దూరం మధ్యన ఉంచుకుని నడిచాం. చలికి నా పళ్లు టకటకమంటున్నాయి. నీళ్లలో మోడు మీద నల్లటి పిట్ట ఒకటి రెక్కలు ఆరేసుకుని కూర్చుంది. ఆయన చార్టు విప్పి చూసి, ఆలోచించి, "గద్ద" అన్నారు. నీళ్లలో పడి లేచిన కాకి అని నాకు అనిపించింది. కానీ తెలిసిన మనిషి ముందు నోరు విప్పడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఇంకొకటి పొడుగుకాళ్లతో కీచుమని అరుస్తూ మా నెత్తిమీదుగా పోయింది. "గిది..." అని ఆయన ఆగారు. "అవును, అదే," అన్నాను నేను. తెల్లది ఒకటి కనిపించింది. "కొంగ!" అని ఇద్దరం ఒక్కసారే అన్నాం. పొద్దుటినుంచి గట్టిగా తెలిసింది అదొక్కటే.

ఆయన దుర్భిణి ఇచ్చారు. కళ్లకు పెట్టుకుంటే నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తాటిమట్టల్లాగా ఉన్నాయి. "చాలా బాగుంది" అని చాలాసేపు వాటినే చూశాను.

అప్పుడు ఆయన, "సుశీలగారూ, ఇంక నాతోని కాదు. ఆ మోడు మీదిది ఏం పిట్టనో మీరే చెప్పుండ్రి. మీకు ఎర్కనే ఉంటది" అన్నారు.

"నాకెట్లా తెలుస్తుంది? పిట్టలంటే ప్రాణం మీకు గదా."

"నాకా? ఎవరన్నరు?"

"అక్క."

ఆయన చార్టు చుట్టేశారు. "నాకు గూడ అక్కనే చెప్పింది. మీకు పిట్టలంటే పాణమంట. రోజు గోడమీద బియ్యం ఏస్తరంట."

"అవి పురుగు పట్టిన బియ్యం," అన్నాను. "మీ అక్క మిల్లునుంచి వచ్చినవే."

కట్ట అంచున కూర్చుని ఆయన నవ్విన నవ్వు నువ్వు చూడాల్సింది. కాదు, నువ్వు చూడకూడదు, నీకు ఆ అర్హత లేదు. "సర్వీసు మొత్తంల నేను దగ్గరికెళ్లి చూసిన పిట్ట కోడే," అన్నారు. "అది గూడ సంచిల ఏసుకొని బస్సెక్కుతే, టికెట్ కొట్టనీకి." నాకూ నవ్వొచ్చింది. టోపీలోంచి ముఖం సగమే కనబడుతుంది కాబట్టి ధైర్యంగా నవ్వాను.

నవ్వు ఆగిన తర్వాత ఆయన చెరువు వైపు చూస్తూ, "రేపటి సంగతి పరేషాన్ కాకుండ్రి. నేను లేచి చెప్త. మీరు ఆ రోజే కాదన్నరు గదా. ఇనబడ్డది" అన్నారు.

"మీకు వినబడిందా?"

"రెండుసార్లు ఇనబడ్డది. నిండు బస్సుల వెనక సీటు కాడ ముసలవ్వ 'జర ఆపు బిడ్డా' అన్నదంటే నాకు ఇనబడాలె. అదే నా నౌకరి."

అక్కా, చర్చి నిండా ఉన్న మనుషుల్లో నా మాట విన్నది ఈయన ఒక్కడు. విన్నందుకే నన్ను విడిచిపెడుతున్నాడు. నేను కాదన్నది తాత చదివింది నిజం కాదు కాబట్టి. చదివింది చెడ్డది అని కాదు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో చెప్పాలని నోరు తెరిచాను.

"ఆగుండ్రీ!" అని వెనకనుంచి కేక.

ఎల్లం ఆటోతో ఇంకో ట్రిప్పు వేశాడు. అందులోంచి ఎబినేజర్ తాత నల్లకోటులో దిగాడు. ఆయన వెనక శివమ్మ, పట్టుచీరమీద గొంగడి కప్పుకుని, చంకలో కొత్త స్టీలు బిందెతో.

"నా తప్పుకు మాఫీ అడగనీకి వచ్చిన బిడ్డా," అన్నాడు తాత, దగ్గుతూ. "పెండ్లి లేదని గీమెకు బస్టాండు కాడినుంచి చెప్తున్న, ఇంటలేదు."

"ఎందుకింట? పెండ్లి లేకుంటె నువ్వు కోటెందుకు ఏసినవ్?" అని శివమ్మ. "ఏమే సుశీలా, పందిరి లేదు, పొయ్యి లేదు, గీ నీళ్ల కాడ ఏం పెండ్లే! నెత్తికి గా టోపేందే! పిల్లగాడు చూస్తె పారిపోతడు, తియ్!"

"చెల్లె, పెండ్లి లేదు. పిట్టలు చూస్తున్నం," అన్నారు విక్టర్ గారు.

"పిట్టలా? పిట్టలు చూడనీకి ఆటో కట్టుకొని వస్తరా? మా ఇంటి ముందట తీగ మీద లేవా?"

అంటూ నా టోపీ లాగబోయింది. చంకలో బిందె జారింది. కట్ట రాళ్లమీద దొర్లుతూ, మోగుతూ నీళ్లదాకా పోయింది. ఆ చప్పుడుకు చెరువు చెరువంతా లేచింది అక్కా. మంచులో అన్ని పిట్టలున్నాయని మాకెవరికీ తెలియదు. వందలు. మా తలలమీదుగా తిరిగాయి. వాటిలో బూడిదరంగు బాతుల గుంపు ఒకటి ఎంత కిందుగా పోయిందంటే, తెల్లటి తలలమీద రెండేసి నల్ల గీతలు దుర్భిణి లేకుండానే కనిపించాయి. విక్టర్ గారు గబగబా చార్టు విప్పారు. మూలకు ఉంది, పెంగ్విన్ కింద. హిమాలయాల మీదుగా ఎగిరివస్తుందని రాసి ఉంది. "దొరికింది! గిదే! చూడుండ్రి!" అని నా భుజం పట్టుకుని ఊపి, వెంటనే చెయ్యి తీసేసి, "మాఫ్ చేయుండ్రి" అన్నారు. తాత టోపీ తీసి ఆకాశం వైపు "స్తోత్రం" అన్నాడు.

"గంత దూరం నుంచి గీ చలిల సావనీకి వస్తయా?" అంది శివమ్మ. కానీ ఆమె కూడా చాలాసేపు తలెత్తే ఉంది.

అంతే. నలుగురం ఒకే ఆటోలో తిరిగి వచ్చాం. బిందె నా ఒళ్లో ఉంది. తెచ్చింది తీసుకుపోతే మంచిది కాదని శివమ్మ ఇంటికి పట్టుకుపోనంది. విక్టర్ గారు ముందు సీట్లో ఎల్లం పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. ఆయన వీపు చూస్తూ చెప్పాల్సిన మాట మనసులో ఎన్నోసార్లు సరిచేసుకున్నాను. చెప్పలేకపోయాను.

రేపు ఆదివారం. ఆయన లేచి కాదంటారు. సంఘం నవ్వి ఊరుకుంటుంది. అంతా మునుపటిలాగే ఉంటుంది. అమ్మ పోయినప్పటినుంచి ఇంట్లో కుట్టుమిషన్ తప్ప మాట్లాడేది లేదు, అదీ మునుపటిలాగే ఉంటుంది. నాకోసం ప్రార్థన చెయ్యి. నీ మీద కోపం ఉంది, అయినా చెయ్యి.

సుశీల


నర్సాపూర్,
జనవరి 13, మంగళవారం.

ఒసే సుశీలా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. ఆదివారం అయిపోయి రెండు రోజులు! ఇట్లాంటి ఉత్తరం పోస్టులో వేస్తారా ఎవరైనా? "నాకోసం ప్రార్థన చెయ్యి" అట. అయిపోయినదానికి ఏమని చెయ్యను?

నేను చెప్పింది అబద్ధమే. దేవునికి ఒప్పుకుంటాను, నీకు ఒప్పుకోను. మీ ఇద్దరికీ నోళ్లు లేవు. ఒకరు గేటుకు అవతల, ఒకరు ఇవతల, మధ్యలో నా తవుడు సంచులు. మీ అమ్మను నువ్వు చూసుకున్నంతకాలం నేనేమీ అనలేదు, అనడం తప్పు. ఇప్పుడన్నా ఎవరో ఒకరికి ఏదో ఒకటి ఇష్టమని చెప్పాలి గదా. వాడికి బూందీ ఇష్టమంటే నువ్వు బూందీ చేసి డబ్బాలో పోసి బస్సులో పంపేదానివి. కథ అక్కడితో అయిపోయేది. చాలాసేపు పట్టే పని ఏదని ఆలోచిస్తే పిట్టలు తట్టాయి.

ఇప్పుడు ఆదివారం ఏమైందో చెప్పు. విక్టర్ పొద్దున వచ్చాడు. "ఏమైందిరా?" అన్నాను. "అన్నం తిన్నవా అక్కా?" అన్నాడు. నేను అరిచాను, వాడు బస్సెక్కాడు. పోతూ ఏదో పాట పాడుకుంటున్నాడు. పాడుతున్నాడంటే సంతోషమనుకునేవు. వాడు భార్య పోయినప్పుడు కూడా పాడుకుంటూనే తిరిగాడు. అందుకని నాకేమీ అర్థం కాలేదు. అప్పటినుంచి అన్నం సహించడం లేదు. మీ బావ బీపీ చూపించుకొమ్మంటున్నాడు.

మళ్లీ పోస్టు అన్నావో, చూడు. వాడి చేతికే ఇయ్యి.

బాలమణి


మెదక్,
జనవరి 15.

బాలమణి వదినకు,

పై మాట చదివావు గదా. ముందు కుర్చీలో కూర్చో, తర్వాత అన్నం తిను, ఆ తర్వాత మిగతాది చదువు.

ఆదివారం పాస్టరయ్య ప్రకటనల దగ్గరికి వచ్చి, "పోయిన వారం చదివినదాన్ని గురించి బ్రదర్ విక్టర్ ఒక మాట చెప్తరు" అన్నారు. మీ తమ్ముడు లేచారు. ఇస్త్రీ చొక్కా, తడి తల.

"ఆ చీటీ నాది," అన్నారు. "అది పెండ్లిది కాదు, పిట్టలది. తాత తప్పు లేదు, నేనే సరిగ రాయలేదు. సుశీలగారి పేరు నలుగురి నోట్ల ఊకెనే నలిగింది. ఆమె ఆ రోజే కాదన్నది, ఎవరికి ఇనబడలేదు. అందరు మాఫ్ చేయుండ్రి."

నిలబడి అంత పొడుగు మాట ఆయన మాట్లాడగా ఎవరూ వినలేదు. పాస్టరయ్యకు ఇన్నేళ్ల అలవాటు గదా, చేతిలో కాగితం మడుస్తూ, "ఈ దిద్దుబాటుకు ఎవరికైన అభ్యంతరమున్నదా?" అన్నారు. అనేసి ఆయనే నవ్వబోయారు.

నేను లేచాను. పక్కనున్నామె కూడా లేవబోయింది. భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను.

"నాకు ఉందండీ," అన్నాను.

పాస్టరయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "ఏమన్నవమ్మా?"

"తనకు ఉన్నదంటున్నరు అయ్యగారూ," అని మగవాళ్ల వైపు నుంచి మీ తమ్ముడు చెప్పారు. వెనక సీటు మాట ముందున్న డ్రైవర్‌కు చెప్పే అలవాటు.

"దేనికమ్మా అభ్యంతరం?"

"దిద్దుబాటుకు."

"దిద్దుబాటుకంట," అని మీ తమ్ముడు గట్టిగా చెప్పారు. చెప్పిన తర్వాత ఆయనకు అర్థమైంది. పాట పుస్తకం చేతిలోంచి జారి కింద పడింది. తీయడానికి వంగినవారు ఎంతకూ లేవలేదు. నేను నిలబడే ఉన్నాను. కూర్చుంటే అభ్యంతరం వెనక్కి తీసుకున్నట్టవుతుందని భయం.

ముందు మాట్లాడింది ఎబినేజర్ తాత. "అంటె నేను సరిగ్గనే చదివిన గదా!" అన్నాడు.

చర్చిలో అట్లాంటి నవ్వు ఎప్పుడూ రాలేదు. నవ్వు సద్దుమణిగాక పాస్టరయ్య, "విక్టర్, లే బాబూ. నువ్వేమంటవ్?" అన్నారు. ఆయన బెంచీ కిందనుంచి లేచారు. ముఖం ఎర్రగా ఉంది. నా వైపు చూశారు. "ఆమె అభ్యంతరం న్యాయంగనే ఉన్నది అయ్యగారూ" అన్నారు.

అంతకంటే మంచి మాట నేను ఎరగను వదినా. పోయిన ఆదివారాన్నే మొదటి ప్రకటనగా లెక్కపెట్టాలని తాత వాదించాడు. పాస్టరయ్య ఒప్పుకోలేదు. కొత్తగా కాగితం రాసిచ్చి మళ్లీ మొదలుపెట్టాలట. అవి ముగిసేసరికి శ్రమకాలం దగ్గరపడుతుంది, ఈస్టర్‌కు ముందరి ఆ నలభై రోజుల్లో పెండ్లిళ్లు చేయరు కాబట్టి పండుగ తర్వాతే. అది నాకూ మంచిదే. గాయకబృందం గౌన్లు కుట్టేవి చాలా ఉన్నాయి.

ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. గేటు దగ్గర తీసుకుని జేబులో పెట్టుకుని, "జవాబు తెమ్మంటరా?" అని అడిగారు. తెమ్మన్నాను.

సుశీల


నర్సాపూర్,
జనవరి 17.

నా మరదలు సుశీలకు,

రెండు పూటల అన్నం ఒక్కసారే తిన్నాను. నిస్సికి చెప్పకుండా దాచుదామనుకున్నాను గానీ ఉత్తరం చదవగానే అరిచానట. మిల్లులో హమాలీలకు కూడా వినపడిందట.

నిన్నటిదాకా నువ్వు బావ అన్న మనిషిని ఇకమీదట అన్నయ్య అనాలి. ఆయనకు చెప్తే దిగాలుపడ్డాడు. "ఇంక నాతో పరాచికాలాడదు గదా" అంటున్నాడు. టోపీ మాత్రం ఆయనకు వెనక్కి ఇయ్యి, చలికి చెవులు పట్టుకుని తిరుగుతున్నాడు.

గౌన్లు తర్వాత కుట్టు. ముందు నీ పెండ్లి జాకెట్టు కుట్టుకో. రెండు చేతులూ ఎడమవైపుకే కుట్టకు.

నీ వదిన
బాలమణి


మెదక్,
మార్చి 12.

వదినకు,

వందనాలు. ఎండలు ముదిరాయి. నిన్న ఆయనకు సెలవు. ఇద్దరం మళ్లీ పోచారం కట్టకు పోయాం. చార్టు పట్టుకుపోలేదు, దుర్భిణి ఎవరిది వారికి ఇచ్చేశారు. నీళ్లు బాగా లోపలికి పోయాయి. గీతల తలల బాతులు ఒక్కటీ లేవు, ఎండలు రాగానే వచ్చిన దారినే పోతాయట. ఈ సంగతి ఇద్దరికీ ముందు తెలియదు. తెలిసినా పోయేవాళ్లమే అనుకుంటాను.

కట్టమీద కూర్చుని పల్లీలు తిన్నాం. ఆయన భార్య గురించి చెప్పారు, నేను అమ్మ గురించి చెప్పాను. ఒకసారి ఆయన ఏడ్చారు, ఒకసారి నేను. ఇద్దరం ఒకేసారి ఏడవలేదు, అది దేవుని దయ. బర్రెలు వచ్చి నీళ్లలో దిగి మెడల వరకు మునిగి మమ్మల్నే చూశాయి. తిరిగొచ్చేసరికి శివమ్మ గడపలోనే ఉంది.

"ఈసారి ఏం జూసిండ్రే?"

"బర్రెలను," అన్నాను.

"గందుకు గంత దూరం పోయిండ్రా!" అని నోటిమీద చెయ్యి వేసుకుంది. మా ఇద్దరినీ కలిపి ఏ డాక్టరుకన్నా చూపించాలని ఆమె అనుకుంటోంది.

వదినా, పెండ్లి దగ్గరపడుతోంది, ఇక మాటలన్నీ ఎదురెదురుగానే. ఈ కాగితాలు పారేయకు. కలం పట్టిన పని ఇంత ముచ్చటగా ముగుస్తుందని నాకు తెలియదు, ఎప్పుడైనా నేనొచ్చి చదువుకుంటాను. కానీ ఎవరికీ చూపకు. నిస్సికి వద్దు, అన్నయ్యకు వద్దు. ముఖ్యంగా మీ తమ్ముడికి వద్దు. ఆయన గురించి ఇందులో ఎన్నో మంచి మాటలు రాశాను. అవన్నీ ఒక్కసారే చదివేస్తే నాకు చెప్పడానికి ఏం మిగులుతుంది? ఒక్కొక్కటీ నేనే చెప్పుకుంటాను, మెల్లగా.

నీ మరదలు
సుశీల